ఎంతమందిలో ఒకడు? జూనియర్ కాలేజీల యాజమాన్యాలకు బహిరంగ లేఖ

కర్నూలు జిల్లా జూనియర్ కాలేజీల కరస్పాండెంట్లకు, ప్రిన్సిపాళ్లకు,

నమస్కారం.

నేను కర్నూలులో కొత్త బస్టాండుకు కాస్త ఎడంగా నెట్ సెంటర్ నడుపుకుంటున్నవాడిని. నాలుగు కంప్యూటర్లు, రెండు ప్రింటర్లు, ఒక లామినేషన్ మెషీను, ఇదీ నా ఆస్తి. ఏడాదిలో ఎనిమిది తొమ్మిది నెలలు ఆధార్, పాన్, పాసుపుస్తకాల ప్రింట్లతో గడిచిపోతాయి. మే చివరి నుంచి ఆగస్టు దాకా మాత్రం నా షాపు మీ కాలేజీలకు పెరటి గుమ్మం లాంటిది. మీ దగ్గర రెండేళ్లు చదివిన పిల్లలు ర్యాంకు కార్డు పట్టుకుని నా దగ్గరికి వస్తారు. వెంట తండ్రో, మేనమామో ఉంటాడు. అందరి ప్రశ్నా ఒకటే: "అన్నా, నాకు సీటు వస్తుందా?"

దీనికి జవాబు చెప్పవలసింది మీరు. పదిహేనేళ్లుగా నేను చెబుతున్నాను. నా చదువు బి.కామ్.

మన జిల్లావాళ్లకు ఒక విషయం వివరించి చెప్పనక్కరలేదు. తొలకరి పడగానే జొన్నగిరి, తుగ్గలి, పగిడిరాయి చేలల్లోకి జనం దిగుతారు. పక్క జిల్లాల నుంచి, కర్ణాటక నుంచి కూడా చద్దిమూటలు కట్టుకుని వచ్చి వజ్రాల కోసం మట్టి వెతుకుతారు. ఎవరికో ఒక రాయి దొరుకుతుంది. మర్నాడు పేపర్లో ఫోటో, లక్షల లెక్క. మూడో రోజుకు చేలో జనం రెట్టింపు. అదే రోజు పొద్దస్తమానం నడుము వంచి వెతికి ఉత్త చేతులతో ఇంటికి మళ్లినవాళ్లు ఎంతమందో ఏ పేపరూ రాయదు. రాస్తే చదివేవాళ్లు కూడా ఉండరనుకోండి.

రాజ్‌విహార్ సెంటర్లో మీరు కట్టే ఫ్లెక్సీలు చూసినప్పుడల్లా నాకు ఆ చేలే గుర్తుకొస్తాయి. అవీ ఆ కాలానికే లేస్తాయి. వజ్రాల వేటకు వెళ్లినవాడికి పోయేది బస్సు ఛార్జీ, నాలుగు రోజుల కూలీ. మీ ఫ్లెక్సీ చూసి వచ్చినవాడికి రెండేళ్ల ఫీజు, హాస్టలు ఖర్చు పోతాయి. దానికోసం అమ్ముకున్న ఎకరా ఉంటే అదీ పోతుంది.

ఫ్లెక్సీలు పీకేయమని అడగడం లేదు. మీ వ్యాపారం మీది. ఆ ఫోటోల కింద ఒక్క అంకె తక్కువైందని మాత్రం చెప్పాలి: ఎంతమందిలో? ముప్ఫై ఫోటోలున్నాయి, సంతోషం. మూడు వందల మందిలో ముప్ఫై మందా, మూడు వేల మందిలోనా? ఆ పిల్లలు ఇక్కడి బెంచీల మీద చదివినవాళ్లేనా, హైదరాబాదులోనో విజయవాడలోనో మీ పేరే ఉన్న వేరే క్యాంపస్‌లో చదివినవాళ్లా? "అడ్వాన్స్‌డ్‌కు అర్హత" అని పెద్ద అక్షరాల్లో వేస్తారు. జేఈఈ మెయిన్‌లో ముందున్న రెండున్నర లక్షల మందికి, ఐఐటీ ప్రవేశ పరీక్ష అయిన అడ్వాన్స్‌డ్ రాయడానికి దొరికే అర్హత అది. 2025లో అడ్వాన్స్‌డ్ రెండు పేపర్లూ రాసినవాళ్లు 1,80,422 మంది, అందులో అర్హత పొందినవాళ్లు 54,378 మంది. ఐఐటీలన్నిటిలో కలిపి ఉన్న సీట్లు 18 వేల పైచిలుకు. అంటే ఒక అర్హత తర్వాత మరో అర్హత, అది కూడా దాటినవాళ్లలో ముగ్గురికి ఒక సీటు. ఈ మెట్లన్నీ ఫ్లెక్సీ మీద ఒకే మెట్టుగా కనిపిస్తాయి.

కోచింగ్ ప్రకటనల మీద కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ 2024 నవంబరులో మార్గదర్శకాలు తెచ్చింది. ఎవరి ఫోటో వేసినా వారి ర్యాంకు, చదివిన కోర్సు, ఎంతకాలం చదివారు, ఫీజు కట్టారా లేదా అన్నది కూడా చెప్పాలన్నది అందులో ఉంది. మీలో చాలామందికి నాకన్నా ముందే తెలిసి ఉంటుంది.

ఇక పర్సంటైల్ సంగతి. దీని మీద నాకు కోపం కూడా ఉంది. రెండేళ్లలో దాదాపు ప్రతి ఆదివారం పరీక్ష పెడతారు. పర్సంటైల్ అంటే ఏమిటో తండ్రులకు ఒక్క ఆదివారం చెప్పరు. మొన్న జూన్‌లో పత్తికొండ నుంచి ఒకాయన వచ్చాడు. టమోటా రైతు. "నూటికి తొంభై అయిదు వచ్చాయి సార్, ఐఐటీ రాదంటున్నారు, ఎందుకు?" అని అడిగాడు. ఆ ప్రశ్నలో తప్పేమీ లేదు. నూటికి తొంభై అయిదు అంటే ఆయనకు తెలిసిన అర్థం అదే. రసీదు వెనక లెక్క వేసి చూపించాను. 2025లో మెయిన్ రాసినవాళ్లు దాదాపు 14 లక్షల 75 వేలు. 95 పర్సంటైల్ అంటే నూటికి అయిదుగురు మన ముందున్నారని. 14.75 లక్షల్లో నూటికి అయిదు అంటే దగ్గర దగ్గర 74 వేల మంది. ఐఐటీలు, ఎన్ఐటీలు, ట్రిపుల్ ఐటీలు, కేంద్రం నిధులతో నడిచే ఇతర కాలేజీలు అన్నీ కలిపి, వాటి సీట్లు పంచే జోసా కౌన్సెలింగ్‌లో ఉన్నవి 62 వేల చిల్లర సీట్లు. ఆయన ఆ కాగితం వంక చాలాసేపు చూశాడు. మార్కెట్‌కు లారీలు ఎన్ని వచ్చాయో చూసి ధర అంచనా వేసే మనిషి ఆయన. తర్వాత అడిగిన ప్రశ్న, ఇన్నేళ్లలో నా షాపులో విన్నవాటిలోకెల్లా తెలివైనది: "ఈ 74 వేల మందీ మనం అడిగే సీటే అడుగుతారా?"

అడగరు. అసలు లెక్క అక్కడే మొదలవుతుంది. ఆ లెక్క మీరు నేర్పడం లేదు.

ఒక పిల్లకు సీటు వచ్చే అవకాశం ఎంత అన్నది ర్యాంకు ఒక్కటే తేల్చదు. ఎన్ఐటీల్లో సగం సీట్లు సొంత రాష్ట్రం వాళ్లవి. సొంత రాష్ట్రం అంటే పుట్టిన ఊరో, రేషన్ కార్డో కాదు, ఇంటర్ ఎక్కడ పాసయ్యారు అన్నదే. డోన్ నుంచి ఒక అమ్మాయిని ఇంటర్‌కు హైదరాబాదు పంపారు. ఆమె తాడేపల్లిగూడెం ఎన్ఐటీ కటాఫ్‌లు, అంటే కిందటేడు సీటు దక్కిన చివరి ర్యాంకులు, మన రాష్ట్రం వరుసలో వెతుకుతూ కూర్చుంది. ఆమె సొంత రాష్ట్రం రెండేళ్ల కిందటే తెలంగాణ అయిపోయిందని, చూడవలసింది వరంగల్ వరుస అని చెప్పినవాళ్లే లేరు. అనంతపురం పిల్లలు బెంగళూరు వెళ్తే వాళ్ల సొంత ఎన్ఐటీ సూరత్కల్. లాభమా నష్టమా అన్నది ర్యాంకును బట్టి ఉంటుంది. పంపేటప్పుడు ఇంట్లో తెలిసి ఉండాలి కదా.

రాష్ట్ర కౌన్సెలింగ్‌లో ఇంకో మెలిక. శ్రీ వెంకటేశ్వర యూనివర్సిటీ (ఎస్వీయూ) పరిధిలోని కాలేజీల్లో, అనంతపురం జేఎన్టీయూతో సహా, 85 శాతం సీట్లు ఈ ప్రాంతపు స్థానికులకు. ఎనిమిది కాగానే పిల్లవాణ్ణి విజయవాడ హాస్టల్లో వేసి ఇంటర్ దాకా అక్కడే ఉంచితే, చివరి నాలుగేళ్ల చదువు ఆంధ్రా యూనివర్సిటీ పరిధిలోకి వస్తుంది కాబట్టి అక్కడి స్థానికుడవుతాడు. ఇల్లు కర్నూలు బుధవారపేటలో ఉన్నా సరే. మన జగన్నాథగట్టు మీది ట్రిపుల్ ఐటీ సంగతి దీనికి పూర్తి తలకిందులు. 2015లో వచ్చింది, ఊళ్లోంచి చూస్తే గట్టు కనిపిస్తుంది, సీటుకు మాత్రం స్థానికత లేదు. బీహారు పిల్లవాడు, మన సి.క్యాంప్ పిల్లవాడు ఒకే వరుసలో నిలబడతారు. "మన ఊరిదే కదా, మనవాళ్లకు కాస్త వీలు ఉండదా?" అని ప్రతి ఏడాదీ ఎవరో ఒకరు అడుగుతారు. కాదని చెప్పడం నాకూ బాధే.

కటాఫ్‌ల పట్టిక చదవడం ఇంకో విద్య. ఎమ్మిగనూరు నుంచి మగ్గం నేసే ఇంటి పిల్లవాడు ఒకడు వచ్చాడు, రాష్ట్ర కౌన్సెలింగ్‌కు సర్టిఫికెట్లు స్కాన్ చేయించుకోవడానికి. జోసా పెట్టలేదేమని అడిగితే, కాలేజీలో సార్ చూసి లాభం లేదన్నారని చెప్పాడు. పట్టిక తెరిచాను. ఆ సార్ చూసింది ఓబీసీ వరుసే. పోల్చింది మాత్రం పిల్లవాడి కామన్ ర్యాంకుతో, అంటే అన్ని కేటగిరీలూ కలిపి ఇచ్చే ర్యాంకుతో. రిజర్వేషన్ వరుసల్లో అచ్చయ్యేవి ఆయా కేటగిరీ ర్యాంకులు. కేటగిరీ ర్యాంకు కామన్ ర్యాంకు కన్నా చాలా చిన్న అంకె. మూర పెట్టి కొలిచినదాన్ని గజం లెక్కలో రాసినట్టయింది. గడువు ఇంకా రెండు రోజులుంది కాబట్టి సరిపోయింది. ఆ పిల్లవాడు ఇప్పుడు ఒక ఎన్ఐటీలో మూడో ఏడు చదువుతున్నాడు. ఆ సార్ చెడ్డవాడని నేను అనను. ఆయనకూ ఎవరూ నేర్పలేదు. అదే కాలేజీలో ఆ ఏడు ఆ మాట విని ఇంటికి వెళ్లిపోయి, స్కానింగ్‌కు కూడా నా దగ్గరికి రానివాళ్లు ఎంతమంది? ఆ అంకె ఎవరి దగ్గరా లేదు.

వీళ్ల గురించే నా దిగులు. ఆశ ఎక్కువైనవాణ్ణి కౌన్సెలింగే నేల మీదికి దింపుతుంది. ఆశ తక్కువైనవాణ్ణి ఎవరు పైకి లేపుతారు? అతను దరఖాస్తే పెట్టడు. పెట్టనివాడి పేరు ఏ జాబితాలోనూ ఉండదు.

కోసిగి వైపు నుంచి వచ్చిన ఒక అమ్మాయి గురించి చెప్పాలి. తల్లిదండ్రులు ఏటా సుగ్గికి వెళ్తారు, గుంటూరు వైపు మిరపకాయ కోతలకు. ఆమె పరీక్షలన్నీ వాళ్లు లేని నెలల్లోనే జరిగాయి. ర్యాంకు బాగుంది. ఓబీసీ సర్టిఫికెట్ ఫిబ్రవరిలో తీసుకున్నది ఉంది. కేంద్రం కౌన్సెలింగ్‌కు అది ఆ ఏడాది ఏప్రిల్ 1 తర్వాత తీసుకున్నదై ఉండాలి, కేంద్రం నమూనాలోనే ఉండాలి. రాష్ట్రంలో బీసీ అయిన ప్రతి కులమూ కేంద్రం ఓబీసీ జాబితాలో ఉండదు, అది వేరే తలనొప్పి. ఆమె కులం ఉంది. తేదీ లేదు. అప్‌లోడ్ చేసేటప్పుడు నా షాపులో కూర్చునే ఇది తెలిసింది. గడువు మూడు రోజులు, మధ్యలో ఆదివారం. కొత్త కాగితం అందలేదు. జనరల్ కింద లెక్కించారు. రావలసిన సీటు రాలేదు. ఏప్రిల్‌లో మీ నోటీసు బోర్డు మీద ఒక్క వాక్యం ఉండి ఉంటే చాలు.

ఆమె ఇంకో సందేహం కూడా అడిగింది: అంత పెద్ద కాలేజీకి ఫీజు ఎవరు కడతారు? ఐఐటీల్లో ఎస్సీ, ఎస్టీ పిల్లలకూ, ఏడాదికి లక్ష లోపు ఆదాయం ఉన్న ఇళ్ల పిల్లలకూ ట్యూషన్ ఫీజు మొత్తం మాఫీ. లక్ష నుంచి అయిదు లక్షల లోపు అయితే మూడింట రెండు వంతులు మాఫీ. ఈ మాట మన జిల్లాలో ఎంతమంది కూలీ ఇళ్లకు చేరింది?

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. ఆప్షన్ల వరుస. ఇందులో మొదటి దోషిని నేనే.

ఎంసెట్‌కు వెబ్ ఆప్షన్లు వచ్చిన తొలి ఏళ్లలో నా దగ్గర ఒక పుస్తకం ఉండేది. అందులో కిందటేడు ఏ కాలేజీలో ఏ బ్రాంచికి లాస్ట్ ర్యాంకు ఎంతో రాసి పెట్టుకునేవాణ్ణి. పిల్లవాడు రాగానే అతని ర్యాంకుకు "ఖాయంగా వచ్చేవి" పైన, "రావచ్చు" అన్నవి మధ్యలో, "కష్టం" అన్నవి కింద పెట్టి ఇచ్చేవాణ్ణి. జనం నన్ను మెచ్చుకునేవారు. ఆలూరు పిల్లవాడు ఒకడికి అలాగే పెట్టాను. మొదటి ఆప్షనే వచ్చింది. చూశావా నా అంచనా అని పొంగిపోయాను. రెండు నెలల తర్వాత వాడు ఏదో ప్రింటుకు వచ్చాడు. వాడికన్నా వెనక ర్యాంకు ఉన్న స్నేహితుడికి అనంతపురం జేఎన్టీయూలో వాడు కోరుకున్న బ్రాంచే వచ్చిందట. నేను వాడి జాబితాలో దాన్ని "కష్టం" అని కిందికి నెట్టాను. మాట వరసకు చెప్పినట్టు చెప్పి, ప్రింటుకు రెండు రూపాయలు ఇచ్చి వెళ్లిపోయాడు. నాలుగు మాటలు అని ఉంటే బాగుండేది.

ఆ మెషీను ఎలా పని చేస్తుందో అప్పుడు కూర్చుని తెలుసుకున్నాను. ర్యాంకు వంతు రాగానే అది జాబితా పైనుంచి చూస్తుంది. మొదటిది లేకపోతే రెండోది, అదీ లేకపోతే మూడోది. పైన ఎన్ని పెద్ద ఆశలు రాసుకున్నా కింద ఉన్నది చెక్కు చెదరదు. ఒక కాలేజీని మొదటి ఆప్షన్‌గా పెట్టిన వెనక ర్యాంకు వాడికి, దాన్ని యాభయ్యో ఆప్షన్‌గా పెట్టిన ముందు ర్యాంకు వాణ్ణి దాటించి సీటు ఇవ్వదు. కాబట్టి పైన పెట్టినందుకు నష్టం లేదు. పైన పెట్టనందుకు నష్టం ఉంది. వరుస ఇష్టాన్ని బట్టి ఉండాలి. అవకాశం ఎంతన్న అంచనా పనికొచ్చేది ఒక్కచోటే: జాబితాను ఎంత కిందివరకు పొడిగించాలో తేల్చుకోవడానికి. జోసాలో ఎన్ని ఆప్షన్లు పెట్టుకున్నా అడిగేవాళ్లు లేరు. ఖాయంగా వచ్చేవి అడుగున పది ఉంచుకుని, పైన ఆకాశం దాకా రాసుకోవచ్చు. వస్తే చేరని కాలేజీని మాత్రం రాయకూడదు.

ఇంత చిన్న విషయం తెలియక, ఇప్పటికీ మీ కాలేజీల నుంచి పిల్లలు ముందే నింపిన కాగితంతో వస్తున్నారు. పైన భద్రమైనవి, కింద ఆశలు. పదిహేనేళ్ల కిందటి నా తప్పు మీ స్టాఫ్‌రూముల్లో ఇంకా బతికే ఉంది. కొన్ని కాగితాల్లో అయితే పేరు కూడా వినని ప్రైవేటు ఇంజనీరింగ్ కాలేజీ ఒకటి రెండో వరుసలోకి ఎందుకు ఎక్కిందో నాకు అర్థం కాదు. అర్థమైనా రాయను. "ఈసారి కష్టం, లాంగ్ టర్మ్‌లో చేరిపో" అని, అంటే మరో ఏడాది కోచింగ్ తీసుకొమ్మని చెప్పే ముందు, మొదటి రౌండ్ కటాఫ్ చూశారా, చివరి రౌండ్‌దా అని కూడా అడగాలనిపిస్తుంది. రౌండ్లు నడిచేకొద్దీ సీట్లు వదిలేవాళ్లు వదిలేస్తారు, కటాఫ్ దిగుతుంది. చివరి రౌండ్, అదీ ఒక్క ఏడాది కాదు, రెండు మూడేళ్లది చూస్తేనే ఏదో ఒక అంచనా. సీట్లు పెరిగినా, రాసేవాళ్లు పెరిగినా అదీ కదులుతుంది. వాన మీద రైతుకు ఉండే అంచనా ఎంతో, దీనిమీద మనకు ఉండేదీ అంతే. రైతు అంత మాత్రంతోనే విత్తనం వేస్తాడు.

అందుకని నేను అడిగేది ఒక్క కాగితం. వచ్చే ఏడాది అడ్మిషన్లు మొదలయ్యే రోజున మీ ఆఫీసు కౌంటర్ పక్క గోడ మీద అంటించండి. కిందటి బ్యాచ్‌లో ఎంపీసీ మొదటి ఏడాదిలో చేరినవాళ్లు ఎంతమంది, మధ్యలో మానేసినవాళ్లు ఎంతమంది, మెయిన్ రాసినవాళ్లు ఎంతమంది, ఐఐటీ, ఎన్ఐటీ, ట్రిపుల్ ఐటీల్లో చేరినవాళ్లు ఎంతమంది, జేఎన్టీయూ లాంటి ప్రభుత్వ కాలేజీల్లో ఎంతమంది, ప్రైవేటులో ఎంతమంది, లాంగ్ టర్మ్‌కు ఎంతమంది. పేర్లు వద్దు, ఫోటోలు వద్దు. ఈ క్యాంపస్ లెక్క ఒక్కటే. అన్నీ కూడితే చేరినవాళ్ల సంఖ్య రావాలి. కూడి చూడడానికి వచ్చే తండ్రుల్లో టమోటాలు అమ్మేవాళ్లున్నారు, వాళ్ల కూడికలు తప్పవు.

వేరేవాళ్లు అంటించకుండా మనమే అంటిస్తే పిల్లలు పోరా అని మీరు అనుకుంటారని తెలుసు. పోవచ్చు కూడా. కొందరు ఆ కాగితం చూసే వస్తారని నా నమ్మకం, కానీ నమ్మకానికి నేను ష్యూరిటీ సంతకం పెట్టలేను. మీలో అధ్యాపకులుగా మొదలై కాలేజీ పెట్టినవాళ్లు ఉన్నారు. ఈ ఉత్తరం ముఖ్యంగా వాళ్లకు.

ఆప్షన్ల సంగతి మీకు తీరిక లేకపోతే నాకు వదిలేయండి. జూన్‌లో ఒక ఆదివారం మీ కాలేజీలో ఒక గది, ఒక బోర్డు ఇస్తే పటాలూ ప్రింట్లూ నేనే తెచ్చుకుంటాను, డబ్బు వద్దు. ఏప్రిల్ మొదటి వారంలో సర్టిఫికెట్ల తేదీల గురించి చెప్పడానికి ఇంకో గంట కావాలి. సుగ్గికి వెళ్లిన ఇళ్ల పిల్లల జాబితా మీ హాస్టల్ వార్డెన్ల దగ్గర ఉంటుంది, వాళ్లకు ఫోను చేయించండి.

నా షాపులో ప్రింటర్ పైన గోడకు ఇన్నాళ్లూ ఒక కాలేజీ క్యాలెండర్ ఉండేది. మొన్న తీసేశాను. ఆ చోటు ఖాళీగా ఉంది. మీ కాగితం పంపితే, ఏ కాలేజీదైనా సరే, అక్కడ అంటిస్తాను. లామినేషన్ ఖర్చు నాది.

ఇట్లు,
నెట్ సెంటర్ నడిపేవాడు,
కర్నూలు